నాకు నచ్చింది అన్నంత తేలిగ్గా

అమ్మలూ,

స్పానిష్‌లో సంతోషం చెప్పబోతే మాట తడబడుతోందని రాశావు. ముందు ఇంగ్లీషులో వాక్యం కట్టుకుని, తర్వాత దాన్ని మార్చబోవడమే ఈ చిక్కుకు మూలం. నువ్వు తెలుగులోంచే నేరుగా వెళ్లు. "మె గుస్తా ఎల్ కఫే" అంటే నాకు కాఫీ ఇష్టం. అక్కడ మనిషి "నాకు" అని పక్కకు తప్పుకుంటే, వాక్యాన్ని నడిపేది కాఫీ. పుస్తకాలైతే "మె గుస్తాన్ లోస్ లీబ్రోస్". మనం "నచ్చాయి" అన్నట్టే క్రియ పుస్తకాల వెంట బహువచనంలోకి వెళ్లింది. ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు ఈ అమరిక పట్టుబడక "నేను"తో మొదలుపెట్టి చిక్కుకుంటారు. నీకది పుట్టుకతో వచ్చిన వాక్యమే. ఒక్క జాగ్రత్త: మనిషితో "మె గుస్తాస్" అంటే మనసుపడ్డాననే అర్థం వస్తుంది. స్నేహితురాలితో "మె కాఎస్ బియెన్" అను, చాలు.

ఇంకా ఎక్కువ ఇష్టమైతే "మె ఎంకాంతా". అందులోనే ఆ నిండుతనం ఉంది కాబట్టి పక్కన "ముచో" (ఎంతో) చేర్చకూడదు. లాటిన్ అమెరికా కుర్రకారు వస్తువుల గురించి కూడా "ఆమో" (ప్రేమిస్తున్నాను) అంటున్నారుగా అని నువ్వు అడగవచ్చు. అంటున్నారు, తప్పేం లేదు. కానీ ఏ దేశంలోనైనా, ఏ వయసువారి ముందైనా చెల్లేది "మె ఎంకాంతా"నే. రాబోయేదాని మీది ఉత్సాహానికి "ఎక్సైటెడ్"ను పోలిన "ఎక్సితాదా" జోలికి మాత్రం పోకు. దానికి చాలాచోట్ల కామోద్రేకమనే అర్థం ఉంది. "ఎస్తోయ్ ఎమోసియొనాదా" అను. స్పెయిన్‌లో అయితే "మె ఆథె ముచా ఇలుసియోన్ ఎల్ వియాహె" అంటారు. ఆ ప్రయాణం నాలో ఎంతో ఉత్సాహం నింపుతోందని భావం. ఇక్కడా కర్త ప్రయాణమే, చూశావా! చప్పున నోట వచ్చే మెచ్చుకోలుకు "కె బియెన్" అంతటా పనికొస్తుంది. "కె పాద్రె" మెక్సికోది, "కె గ్వాయ్" స్పెయిన్‌ది, "కె చెవెరె" కొలంబియా, వెనిజులాల్లో ఎక్కువ.

తృప్తి దగ్గర, వస్తువే కర్త అన్న ఈ సూత్రం తప్పుతోంది కదా, "ఎస్తోయ్ కొంతెంతా"లో కర్త నేనే కదా అంటావేమో. నిజమే. అయితే మనమూ "నేను తృప్తిగా ఉన్నాను" అంటాం. నచ్చడం వస్తువు వైపు నుంచి వస్తుంది, తృప్తి మనిషి ఉన్న స్థితి. రెండు భాషల్లోనూ ఆ తేడాను ఇలా చూపవచ్చు. హాయిగా కూర్చున్నప్పుడు స్పెయిన్‌లో వినబడే "ఎస్తోయ్ ముయ్ ఆ గుస్తో" కూడా ఈ కోవదే. తెలుగు నిజంగా చేయి వదిలేసే చోటు వేరే ఉంది. నువ్వు ఇక్కడున్నందుకు సంతోషం అనాలంటే "మె అలెగ్రా కె ఎస్తేస్ అకీ" అనాలి, మామూలు రూపమైన "ఎస్తాస్" కుదరదు. నువ్వున్నావన్నది అక్కడ చెప్పే వార్త కాదు, నా సంతోషానికి కారణం. అందుకే క్రియ రూపు మార్చుకుంటుంది. మనకు అలాంటి రూపం లేదు. సూత్రం బట్టీపట్టకు. "మె ఎంకాంతా కె", "మె అలెగ్రా కె" అని మొదలుపెట్టి, ఇంట్లో ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం పైకి అంటూ పూర్తిచెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న