సోమవారం ఫోను

చెల్లె, మా చందూర్‌ల ఒకప్పుడు శుక్రవారమంటే ఫోనువారం. మా అన్న దుబాయిల ఉన్నన్ని ఏండ్లు అమ్మ ఆ దినం కూలికి పోలే. ఇప్పుడైతే ఒకరి మొఖం ఒకరు చూసుకుంట మాట్లాడుకుంటున్నరు. అప్పుడు ఎస్‌టీడీ బూతు కాడ గంటలు గంటలు కూసునేది. అంతకన్న ముందైతే క్యాసెట్లు. అన్న తన గొంతు నింపి, ఊరికొచ్చేటోళ్ళ చేతికిచ్చి పంపేటోడు. టేప్‌రికార్డర్ల పెట్టి వాడకట్టు వాడకట్టంత చుట్టు కూసుని వినేది. జవాబు నింపాలంటే మాత్రం అమ్మకు నోరు రాకపోయేది. బటన్ నొక్కి "కొడుకా" అనేది, అంతే, ఆగిపోయేది. టేపు తిరుగుతనే ఉండేది. అన్న తర్వాత చెప్పిండు, ఆ ఖాళీ టేపుల మా కోళ్ళ అరుపు, కాల్వ దిక్కు పోయే ఎడ్లబండి సప్పుడు విననీకి మళ్ళ మళ్ళ తిప్పుకునేటోడట.

ఇదంత ఎందుకు యాదికొచ్చిందంటే, మొన్న హైదరాబాద్‌ల నా దోస్తు ఇంటికి పోయిన. ఆమె, నేను నిజామాబాద్‌ల కలిసి చదువుకున్నోళ్ళం. సోమవారం పొద్దున. ఆమె ఫోను చేతుల వట్టుకుని వంటింట్లకు, హాల్లకు తిరుగుతున్నది. "ఏమైందే" అంటె, "బిడ్డ ఫోను జేసే యాళ్ళయింది" అన్నది. నాకు మా అమ్మనే కనవడ్డది.

ఆ బిడ్డకు ఇరవై ఒకటి. ఫిలిప్పీన్స్‌ల ఉన్నది. కొలువుకు పోలే, చదువుకు పోలే. వాళ్ళది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. అమెరికాల 1830ల మొదలైంది, లోకం మోర్మన్లు అంటది. ఆ సంఘం పిల్లలు వయసుకొచ్చినంక సువార్త చెప్పనీకి, సేవ చేయనీకి పోతరు. మగపిల్లలకు రెండేండ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిది నెలలు. జీతం ఉండదు, పైకెళ్ళి ఖర్చు కూడ పిల్లలు, ఇంటోళ్ళు పెట్టుకోవాలె. ఆ పిల్ల ట్యూషన్లు చెప్పి కొంత కూడవెట్టిందట. ఏ దేశానికి పోవాలెనో తాను ఎంచుకునేది లేదు, పెద్దలు యాడికి పొమ్మంటె ఆడికే. మనం ఆడపిల్లను నిజామాబాద్ హాస్టల్ల వెయ్యాలంటేనే పది రోజులు ఇంట్ల పంచాయితి పెట్టుకుంటం, చెల్లె. నేను నా దోస్తును అడిగిన, "ఎట్ల తోలిచ్చినవే?" అని. "అదే అడిగింది, నేను వద్దనలేకపోయిన" అన్నది.

ఫోను వచ్చేదాక, ఆ పిల్లకు వారమంత ఎట్ల గడుస్తదో నా దోస్తు నాకు చెప్పింది. పొద్దుగాల ఆరున్నరకు లేవాలె, రాత్రి పదిన్నరకు పండాలె. లేవంగనె కసరత్తు, ప్రార్థన, పుస్తకం, భాష. ఆడ టగలోగ్ మాట్లాడుతరు. ఆ భాషల పెద్దోళ్ళతోని మాట్లాడితే మాట మాటకు "పో" అని కలపాలెనట, మన "అండి" లెక్క. పిల్లకు అన్నిటికన్న ముందు వచ్చిన మాట అదేనట. పొద్దున, పగలు, రాత్రి మూడు పూటల అన్నమే తింటరు గాబట్టి ఆ బాధ లేదు. చాయ్ మాట లేదు, కాఫీ మాట లేదు, వాళ్ళ సంఘంల అవి తాగొద్దు. నెలల మొదటి ఆదివారం రెండు పూటలు ఉపాసం ఉండి, ఆ తిండి పైసలు లేనోళ్ళ కోసం ఇస్తరు.

నన్ను పట్టుకున్నది మాత్రం జోడి ముచ్చట. ఒక్కతే ఎక్కడికి పోవొద్దు. ఎప్పుడు ఇంకో పిల్ల పక్కన ఉండాలె, కంటికి ఆనాలె. ఆ జోడిని గూడ మనం ఎంచుకోము. వేరే దేశం పిల్ల, వేరే మాట, వేరే అలవాటు, ఒకటే అర్ర. పడ్డా పడకున్నా రాత్రి పండే ముందు ఇద్దరు కలిసి ప్రార్థనకు మోకాళ్ళ మీద కూసోవాలె. ఆరు వారాలకొకపారి మార్పులు జరుగుతయి. అప్పుడే మనసు కలిసిన పిల్ల వేరే ఊరికి పోవచ్చు. మొదటి జోడి పోయిననాడు దోస్తు బిడ్డ తిండి తినలేదట. పెండ్లయి కొత్తగ అత్తగారింటికి పోయిన మనకు తెల్వదా చెల్లె, ఎవరో తెల్వని మనుషుల నడుమ పొద్దున లేచుడు ఎట్లుంటదో! మనకన్న నయం, వాళ్ళకు పక్కన ఒక ఈడు పిల్ల ఉంటది అనిపించింది నాకు.

మంగళవారం కెళ్ళి ఆదివారం దాక గల్లీలు తిరుగుడే. కొందరు కూసోమంటరు, కొందరు తలుపు పెడతరు. ఒక ముసలామె బట్టలు ఉతికిపెట్టి, నీళ్ళు మోసిచ్చి వచ్చిన నాడు బిడ్డ గొంతు వేరే తీరుగ ఉంటదట. నేను దాపెట్టుకోకుండ చెప్తున్న. నాకు నా దేవుండ్లున్నరు. మా గుడి, మా బోనం నాకు చాలు. నా గడపకు వచ్చి వేరే మతం చెప్తే నాకొద్దమ్మా అంట. కాని ఎండల పడి వచ్చిన ఆడపిల్లను నీళ్ళియ్యకుండ తిప్పి పంప. నువ్వు గూడ పంపొద్దు. ఆమెకు గూడ ఎక్కడో ఒక తల్లి సోమవారం కోసం చూస్తున్నది.

వాళ్ళ సంఘంల తెలుగోళ్ళ కథ గూడ పరదేశంలనే మొదలైందని దోస్తు చెప్పింది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అని మన తెలుగు ఆలుమొగలు సమోవా దీవులల్ల ఉంటుండంగ ఈ సంఘంల చేరిన్రు. 1978 డిసెంబర్ల సంఘం పంపంగ హైదరాబాద్ వచ్చి తమ చుట్టాలకే చెప్పిన్రు. ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నరు. ఎల్సమ్మ నాయిన బాప్టిస్టు పాస్టర్. ఆయననే వాళ్ళ మోర్మన్ గ్రంథాన్ని తెలుగులకు తర్జుమా చేసిండు. 2012ల ఈ దేశంల వాళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన పెద్ద సంఘం, హైదరాబాద్‌లనే అయింది.

నాకు మన దిక్కు వచ్చిన ఇంకొకామె యాదికొచ్చింది. సంఘం వేరు, కాలం వేరు. ఇసబెల్ కెర్ అని స్కాట్లాండ్ డాక్టరమ్మ. 1907ల పెనిమిటితోని హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌ల దవాఖానల పని చేస్తుంటే కుష్ఠు రోగులు వచ్చేటోళ్ళు, వాళ్ళను పెట్టుకునే జాగ లేకపోయేది. రాజా నర్సాగౌడ్ అని మన నిజామాబాద్ హిందువే పైసలిచ్చిండు. 1915ల డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన లేసింది. ఊర్ల నుంచి వెళ్ళగొట్టిన మనుషులకు ఆడ చాల్‌మూగ్ర నూనె సూదులిచ్చి, పుండ్లు కడిగి, పని నేర్పిచ్చిన్రు. మా అమ్మమ్మ తరంల ఆ రోగమంటే మనిషిని ఊరవతల గుడిసెల ఉంచి, దూరంకెళ్ళి అన్నం పెట్టేటోళ్ళు. డిచ్‌పల్లి మీదికెళ్ళి బస్సుల పోయినప్పుడల్ల నాకు ఆ డాక్టరమ్మ తల్లి మతికొస్తది. బిడ్డ ఉత్తరం ఓడల మీద వారాలు పట్టి వచ్చేది. అందులున్న జరం ఉత్తరం అందేసరికి తగ్గిందో, పెరిగిందో ఆ తల్లికి ఎట్ల తెలుస్తది?

ఈ సంఘం పిల్లలకు గూడ మొన్నమొన్నటి దాక ఫోను ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కు, అమ్మల దినానికి. మిగిలిన వారాలు రాతలే. 2019 ఫిబ్రవరి కెళ్ళి వారం వారం ఇంటికి మాట్లాడుకోమన్నరు. సోమవారం వాళ్ళకు తీరుబాటు. బట్టలు ఉతుక్కుంటరు, సామాను తెచ్చుకుంటరు, ఇంటికి ఫోను జేస్తరు. ఆ మార్పు తెచ్చినోళ్ళకు నేనైతే దండం పెడుత. దూరం పోయినోళ్ళు మనసు గట్టి చేసుకోవాలె, నిజమే. తల్లిని ఏడాదంత ఎండగట్టి చేసుకోవాలెనా?

తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. ఆడ అప్పటికే మధ్యాహ్నం పన్నెండు. పిల్ల మొఖం కమిలిపోయింది, నవ్వుతున్నది. తల్లి అడిగినయి అన్ని మనం అడిగేటియే. జరం తగ్గిందా, చెప్పులు కొనుక్కున్నవా, జోడి పిల్ల మంచిగుంటున్నదా. కొంచెంసేపటికి ఇద్దరికి మాటలు అయిపోయినయి. అప్పుడు పిల్ల అన్నది, "అమ్మా, నువ్వు నీ పని జేస్కో, ఫోను గట్లనే పెట్టు."

దోస్తు ఫోనును ఉప్పుడబ్బకు ఆనించి పెట్టింది. పప్పుకు పోపు వెయ్యాలె. నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నయి, కరివేపాకు వేస్తే చుయ్యిమన్నది. ఆ దిక్కు నుంచి మాట లేదు. నేను తొంగి చూసిన. పిల్ల కండ్లు మూసుకుని వింటున్నది.