తక్కువ డబ్బుతో నార్వే యాత్ర

నార్వే వెళతానంటే, "అక్కడ హోటల్లో ఒక్కపూట తింటే కొంప మునుగుతుంది" అని మిత్రులు భయపెట్టారు. ఖరీదైన దేశమే, కాదనను. అయితే అక్కడ ఏది ఖరీదు, ఏది కాదు అని విడదీసి చూడాలి. ఉపకారవేతనంలో మిగిల్చిన డబ్బుతో వేసవిలో పన్నెండు రోజులు తిరిగి నేను తెలుసుకున్నది అదే.

అక్కడ మనిషి చేతిపనికి విలువ ఎక్కువ. ఎవరైనా మనకి వండి వడ్డించినా, పక్క వేసినా, టాక్సీ నడిపినా గూబ గుయ్యిమంటుంది. ఆ పని మనమే చేసుకుంటే ఖర్చు చాలావరకు దిగివస్తుంది. ఇది పిసినారితనం కాదు సుమా! నార్వే వాళ్ళు చేసేదీ ఇదే. బడిపిల్లలూ, ఆఫీసు ఉద్యోగులూ కూడా ఇంటినుంచి రొట్టెముక్కల పొట్లం తెచ్చుకుంటారు. 'మాట్‌పాక్కె' అంటారు దాన్ని. ముక్కలు అంటుకోకుండా మధ్యన పల్చటి కాగితం పెడతారు. మన చద్దిమూటకి దగ్గర చుట్టమే. నేనూ కిరాణాకొట్లో రొట్టె, వాళ్ళ గోధుమరంగు జున్ను కొనుక్కుని రోజులు వెళ్ళదీశాను. ఆ జున్ను కాస్త తియ్యగా, కోవాని తలపిస్తుంది. మంచినీళ్ళు కొననక్కరలేదు, కుళాయి నీళ్ళే నిక్షేపంగా తాగవచ్చును.

ఇక పడక సంగతి. ఇదే అసలు విశేషం. సాగులో లేని బయలునేల ఎవరి సొంతమైనా సరే, దానిమీద ఎవరైనా నడవవచ్చు, గుడారం వేసుకోవచ్చు. తరతరాల ఈ వాడుకని 1957లో చట్టంగా రాసుకున్నారు. షరతులున్నాయి. జనం ఉండే ఇంటికి కనీసం 150 మీటర్ల ఎడంగా దిగాలి. రెండు రాత్రులు దాటితే మామూలుగా యజమానిని అడగాలి. ఎత్తైన కొండల్లో ఆ పట్టింపు లేదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో గానీ, అడవి దాపున గానీ మంట పెట్టరాదు. పొలాల్లో దిగే హక్కు లేదు. గట్టు తగాదాలు చూస్తూ పెరిగిన నాబోటివాడికి మొదటి రాత్రి నిద్ర పట్టలేదు, ఎవరో వచ్చి లెమ్మంటారని. ఎవరూ రాలేదు.

గుడారం దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. బెర్గెన్ వానలకి పేరుపడ్డ ఊరు. అక్కడికి ఓస్లో నుంచి రైలు సుమారు ఏడు గంటలు, దారిలో ఫిన్సె స్టేషను 1222 మీటర్ల ఎత్తున ఉంటుంది. టిక్కెట్టు ముందుగా కొంటే చవక, ప్రయాణం రోజున కొంటే వాచిపోతుంది.

అన్నట్టు, ఖాళీ సోడాసీసాలు పారెయ్యకండి. కిరాణాకొట్లో యంత్రంలో వేస్తే చిన్నదానికి 2, పెద్దదానికి 3 క్రోనర్లు వాపసు ఇస్తారు.