పనిచోట లోహాలు – మన కణాలకు హాని

క్రోమ్ పూత వేసేవారు, స్టీలు వెల్డింగ్ చేసేవారు, పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించేవారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ పనివల్ల మా పిల్లలకు జబ్బు వస్తుందా?"

మన కణాలలో డి.ఎన్.ఎ. ఉంటుంది. కణం ఎలా పెరగాలో, ఎలా పనిచేయాలో అదే నిర్ణయిస్తుంది. క్రోమ్ తొట్టె ఆవిరిలో, స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగ్ పొగలో ఉండే ఒక రకం క్రోమియం కణంలో చేరి డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. కొన్ని బ్యాటరీలలో వాడే కాడ్మియం, ఆ దెబ్బను శరీరం బాగుచేసుకోకుండా అడ్డుపడుతుంది. అలా మిగిలిన లోపాలు ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరుగా మారవచ్చు. అయితే ఊపిరితిత్తిలో వచ్చిన ఈ మార్పు పిల్లలకు సంక్రమించదు.

సీసం మాత్రం పిల్లలను వేరే దారుల్లో చేరుతుంది. అది తల్లి ఎముకలలో ఏళ్ల తరబడి నిలువ ఉండి, గర్భవతిగా ఉన్నప్పుడు రక్తంలోకి వచ్చి శిశువును చేరుతుంది. తండ్రి వీర్యకణాలకూ హాని చేస్తుంది. బట్టలకంటిన దుమ్ముతో ఇంటికి వచ్చి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదు.

పాటించవలసినవి:

1. పని బట్టలు, చెప్పులు ఇంట్లోకి తేకండి. స్నానం చేశాకే పిల్లలను ఎత్తుకోండి.
2. పని బట్టలు విడిగా ఉతకండి.
3. పనిచోట తినకండి, బీడీ కాల్చకండి.
4. ముఖానికి కట్టుకున్న గుడ్డ పొగను ఆపదు. తగిన మాస్కు ఇవ్వమని యజమానిని అడగండి.
5. ఇంటి దగ్గర సీసం కరిగించకండి.

రక్తంలో సీసం ఎంతుందో పరీక్షతో తెలుస్తుంది. డాక్టరు అడగకపోయినా, మీరేం పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పండి.