విచారణ యువజన సంఘం – ఒక పరిశీలన

'విచారణ' అనగానే మనకు న్యాయస్థానం స్ఫురిస్తుంది. తెలుగు కథోలిక క్రైస్తవులు మాత్రం ఒక దేవాలయాన్ని, దాని పరిధిలోని కుటుంబాలను కలిపి విచారణ అని వ్యవహరిస్తారు. దాని బాధ్యత వహించే మతగురువు విచారణ గురువు. ఇరుగుపొరుగున ఉంటూ కూడా ఈ పదాన్ని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. యువజన సంఘాలు నిలవడానికీ నశించడానికీ గల కారణం ఈ మాటలోనే ఉన్నదని ఇప్పుడు అనిపిస్తున్నది.

మన లష్కరు దండుతో పుట్టిన ఊరు. ఇక్కడి సెయింట్ మేరీస్ దేవాలయ నిర్మాణం ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ ఆధ్వర్యంలో 1840లో ఆరంభమై 1850లో ముగిసింది. 2008లో దానికి బసిలికా హోదా లభించింది. ఐరిష్ సైనికులు, ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, తెలుగువారు ఇక్కడ ఒకే మతంలో ఉంటూ వేర్వేరు భాషలలో ప్రార్థించారు. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ పూజలో దేశభాషలకు చోటు కల్పించిన తరువాత, సామాన్యునికి పూజ అర్థమయింది. అయితే ఒక చిక్కు కూడ వచ్చినది. తెలుగు పూజకు వచ్చే యువకునికి ఇంగ్లీషు పూజకు వచ్చే యువతి ముఖపరిచయమైనా ఉండదు. ఇద్దరినీ ఒక సంఘంలో చేర్చి, సమావేశం ఇంగ్లీషులోనే సాగిస్తే, తెలుగు మాధ్యమంలో చదివిన యువకుడు కుర్చీలు వేయడానికే మిగులుతాడు. నాలుగు వారాల తరువాత ఆ కుర్చీలు వేయడానికి కూడ రాడు.

సాధారణంగా ఇట్టి సంఘాలు క్రిస్మసుకు చిగిర్చి సంక్రాంతికి వాడిపోతాయి. పాటలు, నాటిక, పశువుల పాక అలంకరణ ముగిసిన పిమ్మట చేయవలసిన పని కనిపించదు. (మన మీలాద్ కమిటీల సంగతి కూడ ఇంతకంటె మెరుగని చెప్పలేను.) కొన్నిచోట్ల ఉత్సాహవంతుడైన ఒక గురువు చుట్టూ సంఘం అల్లుకుంటుంది; ఆయనకు బదిలీ కాగానే చెదిరిపోతుంది.

ఈ వ్యాధికి మందు వెదకినవాడు బెల్జియం దేశపు గురువు జోసెఫ్ కార్డైన్. ఆయన గురువిద్య చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఫ్యాక్టరీలలో చేరిన బాల్యమిత్రులు ఆయనను పరాయివానిగా చూశారు. ఆ గాయం ఆయనను వదలలేదు. 1925లో యువ క్రైస్తవ కార్మికోద్యమాన్ని స్థాపించి, మూడు మెట్ల పద్ధతిని నేర్పాడు: చూడుము, తీర్పు చేయుము, ఆచరించుము. 1961లో ఇరవైమూడవ జాన్ పోపు తన విశ్వలేఖలో ఈ పద్ధతిని ప్రశంసించారు.

ఉదాహరణకు, బస్తీలో పదవ తరగతి తప్పిన పిల్లలున్నారనుకొందాము. యువకులు ముందుగా ఇంటింటికి వెళ్లి కారణం అడుగవలె. లెక్కలు రాకనా, తండ్రి పనిలో పెట్టినందువల్లనా, ఇంట్లో దీపం కింద చోటు లేకనా? తరువాత సువార్త వెలుగులో దానిని చర్చించవలె. ఆపైన తమ శక్తికి తగిన ఒక్క పనిని, విచారణ హాలులో సాయంకాలపు పాఠాల వంటి దానిని, చేపట్టవలె. మొదటి మెట్టు దాటకుండా మూడవ మెట్టు ఎక్కినవారే చాలమంది. అడుగకుండానే నోటుపుస్తకాలు పంచి, ఫొటో తీయించుకొని వస్తారు. అసలు 'విచారణ' జరుగనే లేదు.

2019లో ఫ్రాన్సిస్ పోపు యువతకు వ్రాసిన లేఖలో, యువజన సేవకు కర్తలు యువకులేనని, పెద్దలు తోడుగా నిలుస్తూ వారికి స్వేచ్ఛ నీయవలెనని సూచించారు. మాట వినసొంపుగానే ఉన్నది, ఆచరణే కష్టం. స్వేచ్ఛ అనగా జమాఖర్చుల పుస్తకం వారి చేతికి ఇవ్వడం, లెక్క తప్పితే వారిచేతనే దిద్దించడం. రాత్రి షిఫ్టు చేసే ఉద్యోగి రాగల వేళకే సమావేశం పెట్టుకోనివ్వడం. తెలుగులో మాట్లాడే యువతిని కార్యదర్శిగా ఎన్నుకొంటే ఆమె తెలుగులోనే నివేదిక చదువుతుంది. ఇంగ్లీషువారికి పక్కనున్నవారు అర్థం చెబుతారు. కొత్త గురువు వచ్చిన నాడు, సంఘం పని ఎంతవరకు వచ్చినదో ఆయనకు ఆమెయే వివరిస్తుంది.