విన్నిపెగ్ చలిలో కౌజు పిట్టలు

కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి రాత్రుళ్లు మైనస్ 30 డిగ్రీలకు దిగడం మామూలే. అంత చలిని గుప్పెడు పిట్ట తట్టుకుంటుందా అనిపిస్తుంది. ఎదిగిన జపాన్ కౌజు పిట్టలు గుంపుగా ఉండి, ఈదురుగాలి తగలక, ఒళ్లు పొడిగా ఉంటే తట్టుకుంటాయి. వాటి ప్రాణం తీసేది చలికన్నా చెమ్మ.

అందుకే సెప్టెంబరులోనే పని మొదలెట్టాలి. కౌజు దండెం ఎక్కదు, నేలమీదే పడుకుంటుంది. కాబట్టి ముందుగా పిట్టల్ని తీగ అడుగున్న బోనుల్లోంచి గట్టి చెక్క నేల ఉన్న గూటికి మార్చండి. నేలమీద జానెడు మందాన చిత్రిక పొట్టు, పైన ఎండుగడ్డి పరవండి. తడిసిన చోట వెంటనే తీసేసి కొత్తది వేయాలి.

తర్వాత గోడలు. పిట్టల ఎత్తులో సందు అన్నది ఉండకూడదు. పైన, కప్పు కింద మాత్రం గాలిరంధ్రాలు మూయకండి. చలికి భయపడి అంతా బిగించేస్తే ఊపిరి ఆవిరి, రెట్ట అమ్మోనియా లోపలే నిలుస్తాయి. పొద్దున గోడల లోపలివైపు మంచు పేరుకుని కనిపిస్తే గాలి చాలడం లేదన్నమాట. మంచు పడ్డాక దాన్ని గూటి గోడలకు బయటినుంచి ఎగదోయండి, గాలిని అడ్డుకుంటుంది.

మన ఊళ్లలో పిట్టపిల్లలకు బ్రూడర్ బల్బు పెట్టిన అలవాటుతో ఇక్కడా వేడి దీపం వేలాడదీయాలనిపిస్తుంది. దయచేసి వద్దు. అది ఎండు పొట్టులో పడితే గూడంతా తగలబడుతుంది. అర్ధరాత్రి కరెంటు పోతే, వెచ్చదనానికి అలవాటుపడ్డ పిట్టలు ఒక్కసారిగా చలికి దొరికిపోతాయి.

కరెంటు నీళ్లకు వాడండి. గడ్డకట్టకుండా వేడిచేసే నీళ్ల తొట్టి కొనండి, లేదా రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్లు మార్చండి. నీళ్లు అందకపోతే పిట్ట మేత కూడా మానేస్తుంది. మేతలో 20 శాతానికి తగ్గకుండా ప్రొటీన్ ఉండాలి, చలికి ఎక్కువే తింటాయి.

డిసెంబరులో ఇక్కడ పగలు ఎనిమిది గంటలే. గుడ్లు కావాలంటే చిన్న ఎల్‌ఈడీ దీపానికి టైమర్ పెట్టి 14 గంటల వెలుతురు చూపాలి. వద్దనుకుంటే వాటిని విశ్రాంతిగా వదిలేయండి, నాకైతే అదే నచ్చుతుంది. గుడ్లు పెట్టిస్తే మాత్రం తరచూ ఏరాలి, గడ్డకడితే పెంకు పగులుతుంది.

పొదిగించే పని ఏప్రిల్ దాకా ఆపండి. 17, 18 రోజుల్లో పిల్లలవుతాయి, మళ్లీ చలి వచ్చేలోగా నిండుగా ఈకలు కట్టుకుంటాయి.