చాద్ సరస్సు చెంతనున్న చిన్న భాషలు, వాని నిఘంటువులు

ఆఫ్రికా ఖండమున నైజీరియా, నైజర్, చాద్, కామెరూన్ అను నాలుగు దేశముల సరిహద్దులు కలియుచోట చాద్ అను గొప్ప సరస్సు కలదు. ఆ సరస్సునకు దక్షిణమునను పడమటను విస్తరించిన 150కి పైబడిన భాషలను శాస్త్రజ్ఞులు చాదిక్ భాషలని వ్యవహరించుచున్నారు. వీనిలో హౌసా యొక్కటే లోకమున ప్రసిద్ధి కెక్కినది. అది కోట్ల మంది మాటలాడు భాష. దానికి పత్రికలు, రేడియో, చలనచిత్రములు అన్నియు కలవు. తక్కిన వానిలో కొన్ని లక్షల మందికి, కొన్ని వేలమందికి, మరికొన్ని ఒకటి రెండు పల్లెలకు మాత్రమే పరిమితములు. పరభాషా ప్రాంతమున పిల్లలను పెంచుకొను తల్లిదండ్రులకు, ఈ చిన్న భాషలను గ్రంథస్థము చేసినవారి పద్ధతి తెలిసికొనదగినదని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

పెద్ద భాష యుండగా చిన్నవానిని వ్రాసిపెట్టుట యెందులకని అడుగువారు కలరు. దీనికి ఆ భాషలే సమాధానము చెప్పగలవు. హౌసాలో ‘ముతు’ అనగా చనిపోవుట. అరబ్బీలో ‘మాత’ అనగా చనిపోయెను. హౌసా ప్రజలు బహుకాలముగా మహమ్మదీయులై అరబ్బీ పదముల ననేకముగా గ్రహించినవారు; కావున ఇదియు ఎరువు మాటయే యని హౌసా నొక్కదానినే చదివినవాడు అనుకొనవచ్చును. కాని అరబ్బీ ప్రభావము స్వల్పముగా సోకిన చిన్న చాదిక్ భాషలలోను మ, త అను హల్లులతోడి యీ ధాతువే కనబడుచున్నది. కనుక అది ఎరువు కాదు, తాతలనాటి సొత్తు. చాదిక్ భాషలకు అరబ్బీ, హీబ్రూ, ప్రాచీన ఈజిప్టు భాషలతో దూరపు బంధుత్వము కలదని నిశ్చయించుటకు ఇట్టి పోలికలే ఆధారములైనవి. ఇక నీటి మాట చూడుడు. హౌసాలో ‘రువా’, న్గిజిం భాషలో ‘అం’, బోలే భాషలో ‘అమ్మా’. కామెరూన్ కొండలలోని మఫా భాషలోను దీనికి పోలిన ‘యాం’ కలదు. ఈ చిన్న భాషలు నమోదు కానిచో నీటికి ఆ కుటుంబము వాడిన పాత పేరు మనకు తెలిసియుండెడిది కాదు. (బోలేవారి ‘అమ్మా’ మన అమ్మను తలపించుట కేవలము కాకతాళీయము. ఇట్టి ఒకటి రెండు పోలికలను పట్టుకొని భాషలకు చుట్టరికములు కలుపు ఉత్సాహము మనవారిలో కొంత యెక్కువ.)

ఈ భాషలలో కొన్నిటి మాటలు తొలిసారి అచ్చుకెక్కిన కథ విషాదకరమైనది. 1854లో కోయెల్లె అను జర్మను మిషనరీ ‘పోలిగ్లోట్టా ఆఫ్రికానా’ అను గ్రంథమును ప్రకటించెను. బానిసల ఓడలనుండి విడిపింపబడి ఫ్రీటౌను నగరమున నివసించుచుండిన వారి నడిగి, ఒక్కొక్క భాషకు మూడువందలకు లోపు మాటలను అతడు సేకరించెను. బదే, న్గిజిం భాషలు అందులో చేరినవి ఇట్లే. పుట్టినయూరికి ఎంతో దూరముగా కొనిపోబడినవారి నోటినుండి ఆ భాషలు పుస్తకమున కెక్కినవి. తరువాతి పరిశోధనలలో పెక్కు జర్మను, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో వెలువడినవి. అవి పండితుల కెంతయో ఉపకరించినవి గాని, ఆ భాషలు మాటలాడు పల్లెవాని చేతికి చేరుట అరుదు.

ఈ లోపమును గుర్తించి పనిచేసినవారిలో రస్సెల్ షూ ముఖ్యుడు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన యీతడు 1972లో న్గిజిం వాక్యనిర్మాణముపై పరిశోధన గ్రంథమును వ్రాసెను. 1981లో ఆ భాషకు నిఘంటువును ప్రకటించెను. తరువాత ఈశాన్య నైజీరియాలోని యోబే రాష్ట్రపు భాషలకే తన కాలమును చాలవరకు వినియోగించి 2016లో మరణించెను. ఇతడు ఆ భాషల వారినే తోడుచేసికొని పనిచేసెను. వారిలో అల్హాజీ మైనా గింబా 2000లో అదే విశ్వవిద్యాలయమున బోలే క్రియారూపములపై సిద్ధాంతవ్యాసమును సమర్పించిన విద్వాంసుడు. ఇతడు పాలుగొని కూర్చిన బోలే నిఘంటువు 2004లో యోబే రాష్ట్రమునందలి పోటిస్కుం పట్టణముననే అచ్చయినది. బాలా వకీలి దగోనా రచించిన బదే నిఘంటువును ఆ యేటనే అక్కడనే ముద్రితమైనది.

ఆ పుస్తకములందు ప్రతి మాటకు ఇంగ్లీషు అర్థముతోపాటు హౌసా అర్థము కూడ ఈయబడినది. నా అభిప్రాయమున ఆ హౌసా అర్థమే ఆ నిఘంటువులకు ప్రాణము. ఇంగ్లీషు పరదేశపు పండితుని కొరకు. హౌసా, సంతలోను బడిలోను ఆ భాషతో పెరిగి, తాతమాట అర్థము కాని మనుమని కొరకు. చిన్న భాషను మింగుచున్నదని నిందింపబడు పెద్ద భాషయే ఇచ్చట దానికి వాకిలియైనది.

నిఘంటుకారునకు మరియొక చిక్కు కలదు. ఈ భాషలలో స్వరము హెచ్చుతగ్గులనుబట్టి అర్థము మారును. హౌసాలో ‘కూకా’ యను మాటను రెండక్షరములును హెచ్చుస్వరమున పలికిన ఏడుపు. రెండవది తగ్గించి పలికిన బావోబాబు చెట్టు. మామూలు వ్రాతలో ఈ భేదము చూపరు. భాష వచ్చినవాడు సందర్భమునుబట్టి గ్రహించును. ఇంట వినని పిల్లవానికి అది తెలియు దారి లేదు. కావుననే నిఘంటువులో స్వరచిహ్నములు పెట్టవలసి వచ్చుచున్నది.

ఇంత శ్రమ అందని భాషలకు కలిగిన గతి ఆ ప్రాంతముననే చూడవచ్చును. ఔయో, తేషేనా, షీరా అను ఊళ్ళవారికి ఒకప్పుడు బదేకు దగ్గరి చుట్టములని పండితులెంచిన స్వంత భాషలుండెను. నేడు ఆ ఊళ్ళ మాట హౌసాయే. కాలక్రమమున ఆ ఊళ్ళవారు పిల్లలతో హౌసాలోనే మాటలాడసాగిరి. 2009 మొదలుకొని ఈశాన్య నైజీరియాలో చెలరేగిన హింస వలన పెక్కు పల్లెలవారు చెదరిపోయిరి. పల్లెలలో కూర్చుండి మాటలు సేకరించుటయు కష్టమైనది. ముందుగా ముద్రితమైన పుస్తకముల విలువ దీనితో మరింత పెరిగినది.

హౌసాకు బోలే యెట్టిదో, తెలుగునకు కొండ, కువి, కుయి, గోండి భాషలట్టివి. అన్నియు దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలోనివే. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో కొండ భాషకు వ్యాకరణమును ప్రకటించిరి. పరరాష్ట్రమున అల్పసంఖ్యాకులమైన మనము ఈ చుట్టముల లెక్కలో హౌసా వైపువారమేనని ఒడిస్సాలోని మన పాఠకులు నాకంటె బాగుగ నెరుగుదురు.

ఇక చాద్ దేశమున గేరా కొండల ప్రాంతమున బిదియా అను చాదిక్ భాష కలదు. ఖలీల్ అలియో, జర్మను పండితుడు యుంగ్రైట్‌మైర్‌తో కలిసి 1989లో దానికి పదకోశమును కూర్చెను. అందలి అర్థములు ఫ్రెంచిలో నున్నవి. ఆ కొండలలో ఒక పల్లెవాడు మరియొక పల్లెవానితో మాటలాడునది మాత్రము అరబ్బీలో.