సుగ్గికి పోయిన పిల్లకు ఫోన్ చేసే ముందు

ఆదోని



కాలేజీలో పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా చేరావని మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషమైంది. దేవరగట్టు నీడన పెరిగినవాడివి, మన పడమటి పల్లెల పిల్లల సంగతి నీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ నీ జాబులో ఒక మాట చదివి ఇది రాస్తున్నాను. టోర్నమెంట్లు అయిపోయినా పిల్లలను వదలనని, ఏడాది పొడుగునా నీ చేతికింద ఉంచుకుంటానని రాశావు. పట్టుదల మంచిదే. ఆ ఆలోచన మాత్రం మార్చుకో.

అంతర కళాశాలల పోటీలు, యూనివర్సిటీ జట్టు ఎంపికలు, సౌత్ జోన్... ఇవి నడిచినన్నాళ్లు పిల్లలు నీ మాట వినాలి, వింటారు. ఆ తర్వాతే అసలు చిక్కు. పత్తి తీతలు ముగిసీ ముగియకముందే కోసిగి, హొళగుంద, పెద్దకడబూరు వైపు ఊళ్లు ఖాళీ అవుతాయి. మిరప కోతల కూలికి గుంటూరు వలస పోతారు, మనవాళ్లు సుగ్గి అనేది దాన్నే. నీ కబడ్డీ జట్టులో మంచి రైడర్ ఒకమ్మాయి అమ్మానాయనలతో పోయిందనుకో. పొద్దున చేలో దిగితే సాయంత్రం దాకా వంగి కాయలు కోయడమే. చేతులు భగభగ మండుతుంటాయి, ఆ చేతులతో ముఖం తుడుచుకోవాలన్నా భయం. ఇంటికంతా ఒకటే ఫోను, అదీ నాయన దగ్గర. రాత్రి గుడిసెలో అన్నం తింటుంటే నీ ఫోను. "ఏమ్మా, ప్రాక్టీస్ చేస్తున్నావా? ఎప్పుడొస్తావు?"

నువ్వు అడిగింది అభిమానంతోనే. ఆ పిల్లకు మాత్రం జట్టులో చోటు పోతుందేమోనన్న దిగులు పట్టుకుంటుంది. ఈ సారు రాత్రిపూట మా పిల్లకు ఎందుకు ఫోన్ చేస్తున్నాడని నాయన అనుకుంటాడు. పక్క గుడిసె వాళ్లూ వింటారు. ఆ ఒక్క ఫోనుతో ఆట మాట అటుంచి, చదువే మాన్పించవచ్చు. సెలెక్షన్ నీ చేతిలో ఉన్నంతకాలం నువ్వు ఏది అడిగినా పిల్లలకు అది ఆజ్ఞే. సీజన్ లేని నెలల్లో కోచ్ తనను తాను కట్టడి చేసుకోవాల్సింది అందుకే.

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ ఈ చిక్కును చాలాకాలం కిందటే ఎదుర్కొంది. గెలుపు మీదే కోచ్‌ల ఉద్యోగాలు ఆధారపడిన చోట పిల్లలకు చదువుకునే తీరిక ఎక్కడిది? అందుకే 1991లో గంటలకు హద్దు పెట్టారు. పెద్ద జట్లు ఆడే మొదటి డివిజన్‌లో సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు, వారంలో ఒక రోజు సెలవు. సీజన్ కానప్పుడు, క్లాసులు నడిచే వారాల్లో 8 గంటలే, సెలవు రెండు రోజులు. నాకు అంతకంటే నచ్చింది ఇంకొకటి. ఇష్టపూర్వకంగా చేసే ప్రాక్టీసు ఎలా ఉండాలో కూడా వాళ్లు రాసిపెట్టారు. దాన్ని అడగాల్సింది ఆటగాడే. హాజరు రాసి కోచ్‌కు చేరవేయకూడదు. ఏం చేశావో వచ్చి చెప్పమనకూడదు. రానివాడికి శిక్ష ఉండకూడదు, వచ్చినవాడికి మెప్పు కూడా ఉండకూడదు.

దీన్ని మన గ్రౌండ్‌కు పెట్టి చూడు. వేసవిలో వాట్సాప్ గ్రూపులో "రేపు 5.30కి గ్రౌండ్, ఇష్టమున్నవాళ్లు రావచ్చు" అని పెడతావు. కాసేపట్లో వరసగా బొటనవేళ్లు. ఎమ్మిగనూరులో నాయన మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతున్న పిల్లవాడు ఒక్కడే వేలు పెట్టడు. పెట్టలేదని గ్రూపులో అందరికీ కనబడుతుంది, నీకూ కనబడుతుంది. అది హాజరుపట్టీ కాక మరేమిటి? సెలవుల్లో ఆ గ్రూపు మూసెయ్యి. గ్రౌండ్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టు, ఆడుకునేవాళ్లు ఆడుకుంటారు.

ఎండ సంగతి మరీ జాగ్రత్త. 2018 మే 29న, సీజన్ కాని రోజుల్లో, మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు పరుగులు తీస్తుంటే జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల పిల్లవాడు వడదెబ్బకు పడిపోయాడు. వెంటనే చన్నీళ్లలో ముంచి ఒళ్లు చల్లార్చాల్సింది, ఆ పని చేయలేదు. జూన్ 13న చనిపోయాడు. బాధ్యత మాదేనని విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ జట్టులో చాలామంది నోరు విప్పడానికి భయపడేవారని తర్వాత విచారణలో తేలింది. గంటల లెక్క రాసిపెట్టిన దేశంలోనే ఇంత జరిగింది నాయనా. మన ఆదోని మే నెల ఎండ నీకు తెలుసు. నీళ్ల డ్రమ్ము, ఐసు పక్కన లేకుండా ఎవరినీ పరుగెత్తించకు. సెలవుల తర్వాత జూన్‌లో వచ్చినవాళ్లను మొదటి రెండు వారాలు మెల్లగా అలవాటు చెయ్యి. కళ్లు తిరుగుతున్నాయని చెప్పినవాడిని పిరికివాడని ఎన్నడూ అనకు. ఒకసారి అన్నావంటే మళ్లీ ఎవరూ చెప్పరు.

ఆడపిల్లల విషయం సూటిగా రాస్తున్నాను. ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండవు, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వాళ్లు పిల్లలే. విద్యాసంస్థలో పనిచేసేవాడు తప్పు చేస్తే ఆ చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. 2022లో విదేశీ శిక్షణకు వెళ్లిన ఒక సైక్లిస్టు తన కోచ్ మీద ఫిర్యాదు చేశాక, ఆడపిల్లలు ఉన్న జట్టు వెంట మహిళా కోచ్ వెళ్లాలని భారత క్రీడా ప్రాధికార సంస్థ ఆదేశించింది. నీ కాలేజీలో మహిళా కోచ్ లేకపోతే ఒక లేడీ లెక్చరర్‌ను అడుగు. ఆడపిల్లకు ఏ కబురైనా ఆమె ద్వారా వెళ్లాలి, పగలే వెళ్లాలి. విడిగా మెసేజ్ వద్దు, బండి మీద దింపడం వద్దు. నీ మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. నీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో నీకూ నాకూ తెలియదు.

ఇక దసరా. సెలవుల్లో క్యాంపు పెడితే గ్రౌండ్ ఖాళీగా దొరుకుతుంది నిజమే. కానీ అప్పుడు దేవరగట్టు చుట్టుపక్కల పిల్లలు బన్ని ఉత్సవానికి దీక్షలో ఉంటారు, కాళ్లకు చెప్పులు కూడా వేయరు. వాళ్లను బూట్లు తొడుక్కుని రమ్మంటావా? రాలేదని పేరు కొట్టేస్తావా? దసరా రాత్రి కర్రలతో జరిగే ఆ బన్నికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు చేసే పాలబాస అనే ప్రమాణం నువ్వు చూసే ఉంటావు. ఆ రాత్రి తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి, దాన్ని నేను సమర్థించను. కానీ కర్ర చేతికి రాకముందే నలుగురిలో మాట ఇచ్చుకోవాలని ఆ పెద్దలకు తెలుసు. నువ్వూ అలాగే ముందే మాట ఇవ్వు. సెలవుల్లో ఏం అడుగుతావో, ఏం అడగవో ఒక కాగితం మీద రాయి. ప్రిన్సిపాల్ సంతకం తీసుకుని బోర్డు మీద అతికించు. చదువు రాని తల్లులకు చదివి వినిపించు, కన్నడం మాట్లాడే ఇళ్లలో కన్నడంలో చెప్పించు. సుగ్గి నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లకు విడిగా ఇంకో ట్రయల్ ఉంటుందని అందులో తప్పకుండా చేర్చు. ఆ ఒక్క మాట వింటే అక్కడ మిరప కోస్తున్న పిల్ల నిశ్చింతగా నిద్రపోతుంది.

రాసి నాకు పంపు. దసరా లోపల చూసి, దిద్దాల్సినవి దిద్ది పంపుతాను. మీ అమ్మను అడిగినానని చెప్పు.

ఇట్లు,
మీ సారు